ఇనుపోని ఊపిరి

ఆ పొద్దు మొగులు పడమటి దిక్కు నుంచి గుంపులు గుంపులుగ వచ్చి, గద్వాల మీద ఒక్క చినుకు కూడ రాల్చకుండ దాటిపోతున్నది. ఆషాఢం సగమైంది. గాలికి బజార్ల దుమ్ము లేచి దుకాణం షట్టర్ కింది సందుల నుంచి లోపలికి వస్తది. అందుకే ఆ నెలంత వీడియో గేమ్ దుకాణం పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి ఊడ్వాలె. ఊడ్చినంక నాలుగు టీవీలు తుడవాలె. నాలుగు రిమోట్ల మీద నిన్నటి చెమట, మిర్చిల నూనె అంటుకోని ఉంటది, గ్యాసునూనె గుడ్డతోటి రుద్ది తీయాలె. రిమోట్ అంటే వైరుతోటి ఉంటది, రెండు చేతులల్ల పట్టుకోని ఆడేది. పోరగాండ్లందరు దాన్ని రిమోట్ అనే అంటరు. ఆఖరికి ఒక్కొక్క టీవీ ఆన్ జేసి బొమ్మ వస్తుందా లేదా చూడాలె. "బొమ్మ వస్తుందా సూడు సాలు, ఏదీ ఒత్తకు" అని మా ఆయన దేవరాజు దుకాణం పెట్టిన మొదటి రోజే చెప్పిండు. అది చెప్పి రెండేండ్లాయె. రెండేండ్ల సంది నేను ఒత్తుతనే ఉన్న.

మా అత్తమ్మ పాలకు పోయి వచ్చేదాక పావుగంట. మా ఆయన లేచేది ఎనిమిదింటికి. ఆ పావుగంట ఒక్కటే ఈ ఇంట్ల నాది. టీవీ సౌండు ఒక్క గీత పెట్టుకోని, నిలబడే, చీపురు చంకల పెట్టుకోనే ఆడేదాన్ని. కూసుంటే అత్తమ్మ వచ్చిన అలికిడికి లేవనీకె ఆలస్యమైతది.

ఆ పొద్దు చీపురు పట్టుకోని పోయేసరికి మూడో టీవీ ముందల అర్చన కూసోని ఉన్నది.

"అక్కా, ఊడ్వనీకె అడ్డమొస్తున్ననా?" అన్నది, కాళ్ళు మీదికి ముడుసుకుంట.

"లేదు, ఆడుకో."

"బావ తాళంచెవి ఇచ్చిండు. పొద్దుగాల ఎవ్వరుండరు, మంచిగ నేర్చుకో అన్నడు."

ఆ తాళంచెవి అత్తమ్మ కొంగుకు ఉంటది. పదకొండేండ్ల సంది ఈ ఇంట్ల ఉన్న నేను రోజూ అడిగి తీసుకోవాలె, ఊడ్చినంక మల్ల ఇయ్యాలె. నాలుగు నెలల కింద వచ్చిన అర్చనకు రాత్రే చేతికిచ్చిండ్రు. నేను ఊడ్వబట్టిన. దుమ్ము ఆమె దిక్కు పోయేటట్టే ఊడ్చిన, అబద్ధమెందుకు.

అర్చన మా మరిది నరేందర్ పెండ్లాం. నాగర్‌కర్నూల్ పిల్ల, డిగ్రీ చదివింది. పెండ్లయి ఇది రెండో ఆషాఢం. నరేందర్ హైదరాబాదుల కంపెనీల పని చేస్తడు, రూము దొరికేదాక ఈమెను మా దగ్గర ఉంచిండు. మంచి పిల్ల. బోళ్ళు నేను తోముతుంటే అడగకుండనే వచ్చి కడుగుతది. మా బిడ్డ అమూల్య వనపర్తి హాస్టల్ నుంచి వస్తే తలదువ్వి లెక్కలు చెప్తది. చెడ్డదైతే బాగుండు అని ఎన్నిసార్లు అనుకున్ననో. చెడ్డదాని మీద కుళ్ళుకుంటే మనసుకు జర నిమ్మళం ఉంటది.

నెల కింద ఒక సాయంత్రం, గిరాకి లేని యాళ్ళ, మా ఆయన నవ్వులాటకు ఆమె చేతుల రిమోట్ పెట్టిండు. "ఒత్తు ఒత్తు, గదిగో వాడు వస్తుండు" అని ఒకటే నవ్వుడు. ఆమె కూడ నవ్వింది. అత్తమ్మ గడప మీద కూసోని, "సదువుకున్న పిల్ల గదా, ఎంత తొందరగ పట్టుకుందో" అని మురిసిపోయింది. నేను చాయి గ్లాసులు పట్టుకోని నిలబడ్డ. ఆ రోజు మొదలు, దినాము ఒక గంట నేర్పుతుండు. ఏ బటన్‌కు చిన్న దెబ్బ, ఏ బటన్‌కు పెద్ద దెబ్బ, డాలు ఎట్ల ఎత్తాలె. పక్కన నిలబడి ఓపికగ చెప్తుండు. ఆ ఓపిక ఆయన దగ్గర ఉన్నదని నాకు అప్పటిదాక తెల్వదు. నాకు గ్యాస్ సిలిండర్ బిగించుడు నేర్పినప్పుడు రెండోసారి అడిగితే, "నీకు చెప్పే బదులు నేనే బిగించుకుంట" అన్నడు.

నా మొఖం మీద ఏం కనపడ్డదో, అత్తమ్మ వంటింట్ల పట్టుకున్నది. "ఏందే జోగులమ్మా, మరిది పెండ్లాం మీద గూడ అనుమానమా? సాకు సాకు, సిగ్గుండాలె." అత్తమ్మది రాయచూరు దిక్కు, కోపమొస్తే ఇట్ల కన్నడం దొర్లుతది, సాకు అంటే చాలు అని. నేను రొట్టెల పిండి పిసుకుడు ఆపలే. మొగని మీద అనుమానమని ఆమె అనుకున్నది. నిజం చెప్పనీకె అంతకంటే ఎక్కువ సిగ్గు. నా కుళ్ళు మొగని మీద కాదు, రిమోట్ మీద. అందరు చూస్తుంటే ఆమె చేతుల ఉన్నది చూడు, దాని మీద. ముప్పయ్యొక్కేండ్ల ఆడమనిషి ఆడుకునే వస్తువు కోసం కుమిలిపోతున్నదంటే ఎవరన్న నమ్ముతరా? ఒక్కసారి, మందిల, పగటి యాళ్ళ, నా చేతికి వస్తే చాలనిపిస్తుండె. దేవుని దగ్గర వేరేది అడగబుద్ది కాలే ఆ నెలంత.

ఆ ఆట పేరు డబ్బా మీద ఇంగ్లీషుల ఉండె, పోరగాండ్లు కోట ఆట అంటరు. ఒక యోధుడు కత్తి, డాలు పట్టుకోని కోటలకు పోతడు. ఒక్కొక్క దర్వాజ దగ్గర ఒకడు అడ్డం వస్తడు. అందరు రెండు బొటనవేళ్ళు నొప్పిలేసేదాక టపటప ఒత్తుతరు. మొదటి నాలుగు దర్వాజలకు అది సాగుతది. ఐదోదాని నుంచి సాగది. పెద్ద దెబ్బ ఒకసారి మొదలుపెడితే మధ్యల ఆపనీకె రాదు, కత్తి పోయి మల్ల భుజం మీదికి వచ్చేదాక మనం ఎదుటోని దయ మీద ఉంటం. చిన్న దెబ్బ అట్ల కాదు, సగంల ఇడిసిపెట్టి పక్కకు జరగొచ్చు. డాలు ఎత్తిపట్టుకోని నిలబడితే రెండు దెబ్బలు ఆగుతయి, మూడో దెబ్బకు పగులుతది. అదే డాలు ఎదుటోని కత్తి సరిగ్గ తగిలే గడియల, రెప్పపాటు ముందు కాదు, వెనుక కాదు, ఎత్తినమా, నిప్పు రాలుతది, వాని రెండు చేతులు వెనక్కి పోతయి, ఎదురొమ్ము ఖాళీ అయితది. అప్పుడు మూడు దెబ్బలు మనయి. ఇది తెలిసినోళ్ళు గద్వాలల పదిమంది ఉంటరు. వాళ్ళల్ల మా ఆయన చెయ్యి అందరికంటే వేగం. అది నేను ఒప్పుకుంట.

ఆఖరి దర్వాజ దగ్గర ఉండేటోడు ఇనుపోడు. ఒంటి నిండ ఇనుము. వాన్ని మా ఆయన కూడ పడగొట్టలే. ఎందుకంటే వానికి రెండు దెబ్బలున్నయి, రెండింటికీ కత్తి ఒక్క తీరుగనే లేపుతడు. ఒకటి లేపంగనే దిగుతది. రెండోది లేపి ఆగుతడు, మనం డాలు ఎత్తి చెయ్యి అలిసినంక దించుతడు. కంటికి రెండింటికి ఫరక్ లేదు. అందరు కండ్లు పెద్దగ చేసి చూస్తరు, చూసి చూసి పడతరు.

ఫరక్ చెవికి ఉన్నది. తొందర దెబ్బకు ముందు ఇనుపోడు ఊపిరి గుంజుతడు, సన్నగ. ఆగే దెబ్బకు ఊపిరి గుంజడు, మడమ రాతి మీద రాస్తది. గంతే. కాని మా దుకాణంల టీవీల సౌండు బంద్ ఉంటది. బజారోళ్ళు లోపలికి రావాలని మా ఆయన పొద్దంత టేపురికార్డుల సినిమా పాటలు పెడతడు. రెండేండ్లల అంతమంది ఆడిండ్రు, ఇనుపోని ఊపిరి ఒక్కరు ఇనలే.

నాకు ఎందుకు ఇనపడ్డదంటే, నేను చెవితోనే పని నేర్చుకున్నదాన్ని. ఈ దుకాణం ఉన్న అర్రల ముందు మగ్గం గుంట ఉండె. మా మామ మల్లయ్య చీరె నేసెటోడు. గద్వాల చీరె ఒడలు నూలు, అంచు పట్టు. ఆ రెండింటిని పోగు పోగుకు కలిపి కుట్టు వేయాలె, దానికి అవతలి దిక్కు ఒక మనిషి కూసోవాలె. పెండ్లయి వచ్చిన నెలకే ఆ మనిషిని నేనైన. మామ మాట్లాడేటోడు కాదు. ఆయన కాలు కింద చెక్క కిర్రుమనంగనే నా అంచు పోగు పోవాలె. ముందు పోతే చిక్కు పడుతది, వెనుక పోతే అంచు వంకర పోతది. ఏడేండ్లు ఆ కిర్రు ఇన్న. చీరె చూసినోళ్ళు మల్లయ్య చెయ్యి అనేటోళ్ళు. అవతల కూసున్నామెకు పేరుండదు. మామ పోయిన రెండేండ్లకు మా ఆయన మగ్గం ఇప్పి అమ్మి, గుంట పూడ్చి సిమెంటు చేయించి, టీవీలు పెట్టిండు. నా చేతులకు ఊడ్చుడు, తోముడు మిగిలింది.

చెవి మాత్రం ఊకోదు. అత్తమ్మ నన్ను ఒక మాట అనే ముందు చేతి గాజులు మీదికి తోసుకుంటది. ఆ సప్పుడు ఇనంగనే నేను అక్కడి నుంచి జరుగుత. ఈ ఇంట్ల నా డాలు అదే.

ఆ ఏడు హోళీ అయిన నాలుగో రోజు పొద్దుగాల ఇనుపోన్ని పడగొట్టిన. చీపురు చంకలనే ఉన్నది. కోట దర్వాజ తెరుసుకున్నది, లోపల ఎల్తురు, ఏవో రాతలు వచ్చినయి, నాకు చదవనీకె రాలే. బయట అత్తమ్మ చెప్పుల సప్పుడైంది, టీవీ బంద్ చేసిన. ఎవరికి చెప్పాలె? గద్వాల పట్నంల ఎవ్వరు చెయ్యని పని చేసి, పోయి పాలు కాగబెట్టిన.

అందుకే ఆ ఆషాఢం పొద్దు, నా పావుగంటల కూసున్న అర్చన దిక్కు దుమ్ము ఊడ్చిన. ఆమె ఆఖరి దర్వాజ దాక వచ్చింది. మా ఆయన పక్కనుండి తీసుకొచ్చిండు.

"అక్కా, నువ్వు దినాం చూస్తుంటవ్ గదా. ఈ ఇనుపోడు కత్తి లేపంగనే డాలు పట్టాల్నా, జర ఆగాల్నా?"

చీపురు ఆపిన. ఆమె నా దిక్కు చూస్తుంది, నిజంగనే నాకు తెలుసనుకోని. పదకొండేండ్లల ఈ ఇంట్ల నన్ను ఒక మాట అట్ల అడిగినోళ్ళు లేరు. అయినా నా నోటికి వచ్చింది ఇది:

"లేపంగనే పట్టు. పట్టి ఇడ్వకు."

"గంతేనా?"

"గంతే."

ఆదివారం కదా, పదకొండు గొట్టేసరికి దుకాణం నిండింది. కాలేజీ పోరగాండ్లు, ఎదురుంగ చాయి హోటలు పెంటయ్య, ఇంక ఎవరెవరో. "ఇయ్యాల మా అర్చన ఇనుపోన్ని పడగొడ్తది, సూడుండ్రి" అని మా ఆయన పొద్దటి సంది చెప్పి పెట్టిండు. పాటలు మోగుతున్నయి. నేను చాయి గ్లాసులు పెట్టిన పళ్ళెం పట్టుకోని లోపలి గడపల నిలబడ్డ.

ఇనుపోడు కత్తి లేపిండు. అర్చన డాలు ఎత్తింది. తొందర దెబ్బ ఆగింది, మందంత హే అన్నరు. రెండోది ఆగే దెబ్బ. ఆమె పట్టుకోని ఇడ్వలే, నేను చెప్పినట్టే. దెబ్బ మీద దెబ్బ పడ్డది, డాలు పగిలింది, పడ్డది. రెండోసారి అంతే. మూడోసారి అంతే. ఐదోసారికి నవ్వుడు మొదలైంది.

"దేవరాజన్నా, ఆడోళ్ళను కోటలకు తోలితే గంతే. కొంగు తట్టుకోని పడ్డది" అన్నడు పెంటయ్య.

నేను మా ఆయన దిక్కు చూసిన. ఒక్క మాట అడ్డం పెడ్తడేమో అని. ఆయన కూడ నవ్విండు. "ఎంత సదివితే ఏం ఫాయిదా పెంటయ్యా! ఆడోళ్ళ చేతులు గవి. ఎంత నేర్పినా గంతే."

నెల దినాల ఓపిక ఐదు ఓటములకు సరిపోలే. అర్చన మొఖం ఎర్రగైంది. తల తిప్పి నన్ను చూసింది. అక్క చెప్పినట్టే పట్టిన అని ఒక్క మాట అంటే ఆమె నెత్తి మీది బరువు దిగుతుండె. అనలే. మల్ల టీవీ దిక్కు తిరిగింది. నేను వేసిన దెబ్బ ఆమెకు తగిలిందనుకున్న, ఆ నవ్వు మాత్రం ఇద్దరి మీద పడ్డది. నా చేతులు కూడ గవే చేతులాయె.

"జర పట్టు పెంటన్నా" అని పళ్ళెం పెంటయ్య చేతుల పెట్టిన. పోయి అర్చన పక్కన నిలబడ్డ. "ఇటియ్యి."

"ఏంది?" అన్నడు మా ఆయన.

"ఒక్కసారి ఆడ్త."

"నువ్వా? నీకు ఆన్ జేసుడు ఆపుడు తప్ప ఏమొస్తది? లోపలికి పో, అన్నం సంగతి సూడు."

"పాటలు బంద్ చెయ్యి."

"పాటలెందుకే బంద్?"

"ఇనపడాలె."

"ఏమినపడాలె?" అన్నడు, మంది దిక్కు చూసి కన్నుగొట్టుకుంట. అర్చన లేచి పోయి టేపురికార్డు బంద్ చేసింది. వచ్చి టీవీ సౌండు పెంచింది. ఎంత పెంచింది అంటే, ఇనుపోని మడమ రాతి మీద రాస్తే మా అందరి పండ్లు జిలజిలమన్నయి.

ఆ రోజు కూసోని ఆడిన. కత్తి లేచింది. ఊపిరి. ఎత్తిన. నిప్పు రాలింది, వాని చేతులు వెనక్కి పోయినయి, మూడు చిన్న దెబ్బలు వేసి పక్కకు జరిగిన. పెద్ద దెబ్బ వేస్తే తొందరగ అయితుండె, కాని తొందరెందుకు? కత్తి లేచింది. ఊపిరి లేదు, మడమ. డాలు దించే ఉంచిన. "ఎత్తు, ఎత్తు" అని పోరగాండ్లు ఒర్లుతున్నరు. ఎత్తలే. ఒకటి, రెండు, అని మనసుల అనుకోని, కత్తి నెత్తి మీదికి వచ్చినంక ఎత్తిన. మల్ల నిప్పు. ఎక్కడ ఊకోవాల్నో తెలిసినంక ఒత్తుడు సులువు. ఇనుపోడు మోకాళ్ళ మీద పడ్డడు, దర్వాజ తెరుసుకున్నది.

"ఓయమ్మ! వదినె!" అన్నడు పెంటయ్య, పళ్ళెంల చాయి సగం ఒలకబోసుకోని. అప్పుడు లేచిండ్రు పోరగాండ్లు.

"గాలివాటుకు తగిలింది" అన్నడు మా ఆయన. "మల్ల ఆడు."

మల్ల ఆడిన. మల్ల పడ్డడు. ఈసారి నాకు ఒక్క దెబ్బ తగలలే.

ఆయన నా చేతుల నుంచి రిమోట్ గుంజుకున్నడు. సౌండు అట్లనే ఉన్నది, పాటలు లేవు. ఆడిండు. ఆయన చెయ్యి నాకంటే వేగం. కాని కండ్లు చినిగేటట్టు చూస్తుండు, ఇంటలేడు. మూడు నిమిషాలకు పడ్డడు. ఇంకోసారి పడ్డడు. రిమోట్ కింద పెట్టి నన్ను చూసిండు. కోపంగ చూస్తే నాకు కొత్త కాదు. కోపం కాదది. ఆ చూపు నేను ఎరుగుదు. నెల దినాల సంది అద్దం ముందల తల దువ్వుకుంటుంటే నాకు కనపడుతున్నది అదే మొఖం. పెదవుల పక్కన అదే గుంజుడు, అదే మింగుడు. నా కుళ్ళు ఇప్పుడు ఆయన మొఖంలకు పోయింది. పోయినంక చూస్తే, ఎంత చిన్నగ కనపడుతుండో మనిషి. జాలి అయింది. సంతోషం కూడ అయింది, దాచుకోను.

"ఎప్పుడు నేర్చుకున్నవ్?"

"పొద్దుగాల్ల."

"ఎన్ని పొద్దుగాల్ల?"

"రెండేండ్లు."

స్విచ్చి బోర్డు దిక్కు పోయి నాలుగు టీవీలు ఒక్కసారే బంద్ చేసిండు. "దుకాణం బంద్. నడువుండ్రి. అన్నం యాళ్ళయింది."

వంటింట్ల అర్చన నా వెనుకనే వచ్చింది. నేను పొయ్యి ముట్టించి, ఆమె దిక్కు చూడకుండనే చెప్పిన. "పొద్దుగాల నీకు తప్పు చెప్పిన. తెల్వక కాదు, తెలిసే చెప్పిన."

"మూడోసారి పడ్డప్పుడే అర్థమైందక్కా."

"మరి మందిల ఎందుకనలే?"

ఆమె పుంటికూర గిన్నె మూత తీసి, గరిటెతో కలుపుకుంట నిలబడ్డది. "ఏమో. నీ జాగల నేనుంటే నేను గూడ గట్లనే చెప్దునేమో." గరిటె పక్కన పెట్టి నవ్వింది. "ఊపిరి గదా? నువ్వు ఆడంగ ఇన్న. మడమ గూడ ఇన్న."

ఒక్కసారికే పట్టుకున్నది. నా కుళ్ళు మల్ల లేచింది. పోదు అది, అంత తొందరగ. అయినా "చెవి మంచిగున్నది నీది" అని మాత్రం అన్న. ఆ మాట ఎవరి నుంచన్న ఇందామని రెండేండ్లు చూసిన, ఆఖరికి నేనే అన్న.

మా దిక్కు జొన్నరొట్టె పెనం మీదికెళ్ళి ఉడుకుడుకుగ పళ్ళెంల పడాలె. ఒకరు తింటుంటే ఒకరు చేస్తుండాలె. ఆ చేసే మనిషి అందరు లేచినంక, సల్లారిన పెనం పక్కన, మిగిలింది తింటది. ఆ మధ్యాహ్నం నేను పన్నెండు రొట్టెలు ముందే చేసి, బట్టల చుట్టి నడుమ పెట్టిన. పొయ్యి ఆర్పిన. నాలుగు పళ్ళేలు వేసిన. అత్తమ్మ, మా ఆయన, అర్చన, నేను కూసున్నం.

అత్తమ్మ సల్లరొట్టెను ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. గాజులు మీదికి తోసుకోలే. తుంచుకోని తినబట్టింది. బయట గాలి షట్టర్‌ను ఊపుతున్నది. మా ఆయన ముద్ద నోట్ల పెట్టుకోని ఆగుతుండు, గొంతు సవరించుకుంటుండు, ఏదో అనబోయి మింగుతుండు. ఎడమచెయ్యి మోకాలు మీద ఉన్నది, బొటనవేలు ఒత్తుతున్నది. ఒత్తి, ఆగి, మల్ల ఒత్తుతున్నది. తప్పు గడియల ఒత్తుతుండు, నాకు ఎరుకైతున్నది.

పదకొండేండ్లు ఈ మనిషికి నీళ్ళు, ఉప్పు, తలనొప్పి గోలీ, ఏది కావాల్నో అడగకముందే తెచ్చి ముందల పెట్టిన. ఈ ఊపిరి గుట్టు ఒక్కటి అడిగినంకనే ఇస్త. నా రొట్టె తుంచుకోని, పుంటికూర అద్దుకోని, నిమ్మళంగ నమలబట్టిన.